ముహూర్తానికి వస్తాం గానీ, తిరుగు బస్సేదీ?

సోమవారం: భీమిలి, తగరపువలస

మా పిన్ని కొడుకు పెళ్లి కార్తీకంలో. ముహూర్తం రాత్రి పదిన్నర దాటాక, కల్యాణ మండపం విశాఖపట్నంలోని ఎండాడలో. శుభలేఖ వాట్సాప్‌లో పెట్టేస్తే సరిపోతుందని పెళ్లికొడుకు వాదన. గడపకెళ్లి బొట్టు పెట్టి పిలవకపోతే జన్మంతా దెప్పుతారని పిన్ని వాదన. గెలిచింది పిన్నే. మా చుట్టాలేమో విశాఖపట్నంలో తక్కువ, చుట్టూ ఉన్న చిన్న ఊళ్లలో ఎక్కువ. కారు మాట్లాడదామంటే, "మనిద్దరికీ బస్సు ఊరికినే కదే! ఆధార్ కార్డు సంచీలో పడీ, ఎల్లిపోదుం" అంది.

నిజమే. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర్నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకి ఛార్జీ లేదు. టిక్కెట్టు మాత్రం కొడతారు, సున్నా టిక్కెట్టు. పిన్ని వాటిని పారెయ్యదు. మడతలు పెట్టి కుంకుమ భరిణె పక్కన దాస్తుంది. వారం చివర బాబాయికి చూపించాలట, ఎంత మిగిల్చిందో.

మేముండే అక్కయ్యపాలెం నుంచి కాంప్లెక్స్‌కి నడిచిపోవచ్చు. ద్వారకా బస్ స్టేషన్ అన్న పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినబడదు, ఈ ఊళ్లో కాంప్లెక్స్ అంటే అదే. భీమిలికి 900కె. రైల్వే స్టేషన్ నుంచి వస్తుంది కాబట్టి కాంప్లెక్స్‌లో మాకు దొరికింది కిటికీ సీటు కాదు, నడవ పక్కది. దసరా సెలవులు అయిపోయి కాలేజీలు తెరిచారు, రుషికొండ దాకా కుర్రాళ్ల బ్యాగులు మా ముఖాల మీదే ఉన్నాయి. రుషికొండలో సగం బస్సు దిగింది. దిగినంత మందీ మళ్లీ ఎక్కారు. ఈసారి ఖాళీ చేపల గంపలతో ఆడవాళ్లు. పొద్దున్నే సరుకు అమ్మేసుకుని ఇళ్లకి పోతున్నారు.

"గంప లోపలికి లాగమ్మా, నీరు కారతంది" అన్నాడు కండక్టరు.

"ఖాళీ గంపలో నీరేటి బాబూ, నీ కళ్లలో కారతంది" అంది ఒకావిడ. బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వి సున్నా టిక్కెట్టు కొట్టేశాడు. ఆవిడ ఆధార్ చూపించే తీరు చూడాలి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రవికలో దోపుకుని, పైకి తీసి, తిరగేసి చూపించి, మళ్లీ చుట్టి దోపుకోవడం, అంతా ఒంటి చేత్తోనే. రెండో చెయ్యి గంప మీంచి తియ్యలేదు.

ఈ బీచ్ రోడ్డు మీదే ఈమధ్య డబుల్ డెక్కర్ కూడా తిరుగుతోంది, ఆర్‌కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా, చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం. తొట్లకొండ దాటాక మాత్రం మళ్లీ 900కెయే దిక్కు. ఎర్రమట్టి దిబ్బలు, ఐఎన్‌ఎస్ కళింగ, ఆ తరవాత భీమిలి.

భీమిలి 1861 నుంచి మున్సిపాలిటీ. డచ్చివాళ్ల సమాధులున్నాయి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుంది, కొండ మీద నరసింహస్వామి ఉన్నాడు. ఇప్పుడు విశాఖ మహానగరంలో కలిపేశారు కాబట్టి కాయితం మీద మేమిద్దరం ఊరు దాటలేదు. కాయితం సంగతి అలా ఉంచితే, పిన్ని మేనత్త ఇంట్లో బొట్టు పెట్టగానే ఆ ముసలావిడ అడిగిన మొదటి మాట పెళ్లికూతురు గురించి కాదు.

"ముహూర్తం ఎన్నింటికే?"

"రాత్రి పదీ నలభైకత్తా."

"రాత్రా! మరి తిరుగెలా?"

ఆవిడ మనవడు ఫోన్ తీసి మ్యాపు చూపించాడు. ఎండాడ హైవే మీద ఉంది, 900కె బీచ్ రోడ్డు మీద పోతుంది. రెండూ పక్కపక్కనే పోయే రోడ్లు, మధ్యలో కొండ. వెళ్లేటప్పుడు రుషికొండలో దిగి ఆటో ఎక్కొచ్చు. తిరిగొచ్చేటప్పుడు పదకొండింటికి ఎవరిని పట్టుకోవాలి? "చీకటి పడ్డాక బస్సు ఎప్పుడొస్తుందో టీ కొట్టాయన్నే అడుగుతాం మేం. ఆయన కొట్టు కట్టేశాడంటే బస్సులు అయిపోయినట్టే" అన్నాడు. చివరికి తేలింది ఏమిటంటే, ఆరింటికల్లా వచ్చేస్తారు, కాసేపు కూర్చుంటారు, భోంచేస్తారు, వెళ్లిపోతారు.

భీమిలి నుంచి తగరపువలసకి షేర్ ఆటో. వెనక సీట్లో నలుగురం, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక చెక్క మీద బడి పిల్లలు ఇద్దరు కాళ్లు బయటికేసుకుని. మనిషికి ఇరవై. డ్రైవరు మా శుభలేఖల సంచీ చూసి, "ఆడోళ్లు ఆటో ఎక్కి ఎన్నాళ్లయిందో అమ్మా, మీరెక్కారు, సంతోషం" అన్నాడు. ఎత్తిపొడుపో, నిజంగానే అన్నాడో తెలియలేదు. మొన్న శనివారమే, 2025 అక్టోబరు 4న, ప్రభుత్వం ఆటో డ్రైవర్లకి 15,000 రూపాయలు వేసింది కదా అని అడిగితే, "సొంత బండి ఉన్నోడికమ్మా అది. ఇది ఓనరుది. నేను రోజుకింతని కట్టాల" అన్నాడు. మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు గోడ పక్క నుంచి పోతుంటే, మిల్లు నడిచిన రోజుల్లో షిఫ్టు వదిలే వేళకి ఈ రోడ్డు మీద చీమ దూరేది కాదని పిన్ని అంది. డ్రైవరు తలూపాడు. వాళ్ల నాన్న ఆ మిల్లులోనే చేశాడట.

నాకు ఆటోవాళ్ల మీద కోపం రాదు. బస్సు ఊరికినే అయింది గానీ, భీమిలి నుంచి తగరపువలసకి మేం నిలబడ్డ అరగంటలో కనబడ్డ చక్రాలన్నీ మూడే.

తగరపువలస చుట్టాలది ఒక్కటే సుఖం. 222 అక్కడి నుంచే బయల్దేరుతుంది, సీటు ఖాయం, ఆనందపురం, మధురవాడ మీదుగా సరిగ్గా ఎండాడలోనే దింపుతుంది. అయినా మావయ్య అన్నదీ అదే మాట: "వస్తామమ్మా, తప్పకుండా వస్తాం. తలంబ్రాల దాకా ఉండమనకండి." పిన్ని నవ్వింది గానీ, 222లో కూర్చున్నాక కొమ్మాది దాకా మాట్లాడలేదు.

మంగళవారం: విజయనగరం, సిరిమాను

మంగళవారం ఎవరినీ బొట్టు పెట్టి పిలవరు. అమ్మవారిని మాత్రం పిలవొచ్చు. అందులోనూ దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. శుభలేఖ అమ్మవారి పాదాల దగ్గర పెట్టి రావాలని పిన్ని మొక్కు. కాంప్లెక్స్‌లో విజయనగరం వైపు జనం వరదలా ఉన్నారు. స్పెషల్ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిండి వెళ్లిపోతున్నాయి. ఒక్క మాట చెప్పుకోవాలి, అక్కడ తెల్లచొక్కాలో నిలబడి బస్సుల్ని పంపిస్తున్న పెద్దాయన గొంతు బొంగురుపోయినా మనిషి విసుక్కోలేదు. "నిలబడి ఎల్తారా, కూకుని ఎల్తారా? కూకోవాలంటే ఎనకదాంట్లో ఎక్కండి" అని ముసలివాళ్లని పక్కకి తీసి మరీ చెప్పాడు. మేం వెనకదాంట్లో ఎక్కాం.

పండగకి బస్సులు ఎక్కడో కొత్తగా పుట్టవు. ఏదో ఒక ఊరి ట్రిప్పు తీసి ఇక్కడ వేస్తారు. ఆనందపురం జంక్షన్‌లో మా బస్సు ఆగితే, కింద నిలబడ్డ ఒక పెద్దాయన, "మా ఊరి బస్సు ఈ బోర్డు పెట్టుకుని తిరుగుతుంది సూడు" అని పక్కాయనకి వేలెత్తి చూపించాడు. అది వాళ్ల ఊరి బస్సు అని ఎలా గుర్తుపట్టాడో! అద్దం మీద చీలికో, డ్రైవరు ముఖమో. రోజూ దాని కోసం ఎదురుచూసేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

విజయనగరంలో ఊరి బయటే దింపేశారు. అక్కడి నుంచి నడకే. సిరిమాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి తిరిగింది. మాను చివర కూర్చున్న పూజారి మీదికి జనం అరటిపళ్లు విసిరారు. ఆ గుంపులో పిన్ని చెప్పులు ఒకదాన్నొకటి వదిలి వెళ్లిపోయాయి. ఉత్సవం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను తిరుగు ప్రయాణం గురించే రాస్తాను.

సిరిమాను తిరిగాక జనమంతా ఒక్కసారే ఇంటికి బయల్దేరతారు. పొద్దుట విడివిడిగా వచ్చినవాళ్లు సాయంత్రం ఒక్క గంటలో పోవాలి. మగవాళ్లు కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపుతున్నారు. ఒక తువ్వాలు మీద ఇంకో తువ్వాలు, దాని మీద ఎవరిదో పసిపిల్ల. ఎక్కాక వెనక నుంచి ఒకాయన, "డబ్బులిచ్చినోళ్లం నిలబడాలి, ఊరికినే ఎక్కినోళ్లు కూకోవాల" అన్నాడు. ముందు సీటు నుంచి ఒక ముసలమ్మ వెనక్కి తిరక్కుండానే, "మీ అమ్మని కూకోబెట్టవా నాయినా?" అంది. మళ్లీ ఆ గొంతు వినబడలేదు.

ఈ తగువు ఇప్పుడు ప్రతి బస్సులోనూ ఉంది. టిక్కెట్టు తీసేసినంత సులువుగా బస్సులు పెరగవు కదా. అలాగని ఆ పథకం వద్దని ఒక్క ఆడమనిషి కూడా నాతో అనలేదు. నేనూ అనను. చెప్పులు లేకుండా ఇంటికి చేరిన పిన్ని అసలే అనదు.

బుధవారం: శృంగవరపుకోట, కొత్తవలస

తెల్లారగట్ల రైలు. కిరండూల్ పాసింజరు విశాఖపట్నంలో ఏడు కాకుండానే బయల్దేరుతుంది. రైల్లో సున్నా టిక్కెట్టు లేదని తెలిసి పిన్ని కాస్త చిన్నబుచ్చుకుంది, పాసింజరు ఛార్జీ విన్నాక తేరుకుంది. ఇందులోనే అరకు వెళ్లేవాళ్లకి అద్దాల పెట్టె ఉంది, విస్టాడోమ్, 2017లో వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె ముందు సెల్ఫీలు. మా పెట్టెలో మాత్రం టీచర్లు, ఖాళీ పాల క్యాన్లు, కోర్టు వాయిదాకి వెళ్తున్న ఒక కుటుంబం. కిటికీ సీటు కోసం ఎవరూ కొట్టుకోలేదు, అందరూ నిద్రకి ఆనుకోవడానికి గోడ వైపు చూశారు.

ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి వేశారు. ఇప్పటికీ ఎదురుగా ఎర్రటి దుమ్ము పట్టిన గూడ్సు వస్తుంటే మన బండి పక్కన నిలబడుతుంది. కొత్తవలస దాటాక ఒక చోట అలాగే నిలబడ్డాం. "ఎందుకాగిందండీ" అని పిన్ని అడిగితే, ఎదుట కూర్చున్న టీచరు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఇనుముకి దారివ్వాలి కదమ్మా" అన్నారు.

అయినా నాకు ఈ బండి అంటే ఇష్టం. కుదుపు లేదు, ఎవరి మోచెయ్యీ డొక్కలో గుచ్చుకోదు, మరుగుదొడ్డి ఉంది. ఆఖరిది రాసేవాళ్లు తక్కువ గానీ, పల్లెవెలుగులో రెండు మూడు గంటలు ప్రయాణం చేసే ఆడవాళ్లు పొద్దుట నుంచి మంచినీళ్లు ఎందుకు మానేస్తారో ఒకసారి అడిగి చూడండి. మా పిన్ని కూడా ఈ వారమంతా మజ్జిగ తాగకుండానే తిరిగింది. దిగిన ప్రతి చుట్టాలింట్లోనూ బొట్టు కంటే ముందు బాత్‌రూమ్ ఎక్కడని అడిగాం.

శృంగవరపుకోట (ఎస్.కోట) స్టేషన్ నుంచి ఊళ్లోకి మళ్లీ ఆటో. రైలు దిగిన జనం కోసం ఆటోలు కాచుకుని ఉంటాయి, ఆ రైలు పోయాక స్టేషన్ ముందు కుక్కలు తప్ప ఏమీ ఉండవు. పిన్ని ఆడపడుచు ఇంట్లో వేడివేడి పెసరట్లు పెట్టి, శుభలేఖ తిరగేసి, "రాత్రి ముహూర్తం పెట్టారేంటొదినా, పగలు దొరకలేదా?" అని అడిగింది.

"సిద్ధాంతిగారు పెట్టారమ్మా."

"సిద్ధాంతిగారికి కారుంది కదా."

ఇక్కడ మాత్రం తలంబ్రాల దాకా ఉంటామన్నారు. ముందురోజే వచ్చి పడుకుంటారట, పెళ్లి మర్నాడు పొద్దుటి బండికి తిరిగెళ్తారట. పిన్ని ముఖం విప్పారింది. కాసేపటికి వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎన్ని పరుపులు, ఎన్ని దిండ్లు, ఎవరింట్లో ఎవరు.

ఆడపడుచు కూతుర్ని చోడవరం ఇచ్చారు. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, ఇక్కడి నుంచి అటే చోడవరం పోదామా అన్నాను. దేవరాపల్లి వైపు దారుంది, మ్యాపులో చూస్తే దగ్గరే. ఆడపడుచు చెయ్యి ఊపేసింది. "మేం కూడా పిల్లని చూడ్డానికి విశాఖపట్నం ఎల్లే ఎల్తాం. ఇటు పోవాలంటే ఆటోలు మారాలి, రెండో ఆటో ఉంటే ఉంటాది, నేకపోతే నేదు." అంటే కోట నుంచి చోడవరం పోవాలంటే నగరంలోకి దిగి, మళ్లీ బయటికి రావాలి. భీమిలి వాళ్లు కొత్తవలస పోవాలన్నా అంతే. అన్ని బస్సులూ గొడుగు ఊచల్లా కాంప్లెక్స్ దగ్గర కలుస్తాయి, ఊచకీ ఊచకీ మధ్య ఏమీ లేదు.

వస్తూ వస్తూ కొత్తవలసలో దిగి ఇద్దర్ని పిలిచాం. అక్కడి నుంచి సిటీ బస్సు, పెందుర్తి, గోపాలపట్నం, ఎన్ఏడీ మీదుగా. పెందుర్తి దగ్గర్నుంచి ఇది బీఆర్‌టీఎస్ రోడ్డు. బస్సుల కోసమని మధ్యలో ప్రత్యేకంగా లైన్లు వేసిన రోడ్డు. ఆ లైన్లో ఇప్పుడు ఏం పోతున్నాయని అడక్కండి, అన్నీ పోతున్నాయి. సాయంత్రం ఎన్ఏడీ దగ్గర కిందికి మా బస్సు, పైన ఫ్లైఓవర్ మీద కార్లు. పిన్ని పైకి చూసి, "పైన కూడా ఆగిపోనాయే" అంది తృప్తిగా.

గురువారం: దువ్వాడ

ఈ రోజు పెద్దగా ఏమీ లేదు. విజయవాడ నుంచి వచ్చే పెళ్లికూతురి వాళ్లకి ఏ స్టేషన్‌లో దిగమని చెప్పాలా అని దువ్వాడ చూసొచ్చాం. విశాఖపట్నం స్టేషన్‌కి వచ్చి ముందుకు పోవాల్సిన బండి ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ గొడవ లేకుండా కొన్ని బళ్లు దువ్వాడ నుంచే పక్కగా పోతాయి. అలాంటి బండి అర్ధరాత్రి దువ్వాడలో దింపితే కొత్తవాళ్ల గతి ఏమిటి? స్టేషన్ బయట ఆటో స్టాండులో అడిగాం. ఎండాడకి చెప్పిన రేటు విని పిన్ని, "అదే రైల్లో మళ్లీ విజయవాడ ఎల్లిపోవచ్చు బాబూ" అంది. విశాఖపట్నం దాకా వచ్చే బండికే టిక్కెట్లు తియ్యమని అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పేశాం.

కూర్మన్నపాలెంలో సిటీ బస్సు ఎక్కాం. ఎక్కితే పక్క సీట్లో ఒక కుర్రాడు మెట్రో గురించి చెప్పాడు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు ఒక కారిడార్, ఇంకో రెండు చిన్నవి, మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. అంకెలన్నీ నోటికొచ్చు. రావాలి, నాకూ కావాలి. కానీ ఆ గీత కొమ్మాదిలో ఆగిపోతుంది, మా భీమిలి అమ్మమ్మకీ, అనకాపల్లి బాబాయికీ అది బొమ్మే. ఈ రూటులో ఇప్పటికే అయిదు నిమిషాలకో బస్సు ఉంది. లేనిచోటికి ఏదీ రావడం లేదు.

శుక్రవారం: అనకాపల్లి, చోడవరం

500 ఎక్కి అనకాపల్లి. గాజువాక, లంకెలపాలెం దాటాక కాస్త గాలి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి ఊరి నడక మారింది. అంతకుముందు ఏ కాయితానికైనా జనం విశాఖపట్నం వచ్చేవాళ్లు, ఇప్పుడు నర్సీపట్నం, మాడుగుల వైపు నుంచి ఇక్కడికి దిగుతున్నారు. బస్టాండులో బెల్లం వాసన లేదు గానీ, బెల్లం మార్కెట్టు దారిలో ఆటోలన్నీ జిగురే. పిన్ని చిన్న మరిది అక్కడే కమీషన్ కొట్లో గుమస్తా. ఆయన టీ తాగిస్తూ, "అనకాపల్లి అన్నీ దగ్గరే, రైలుంది, బస్సుంది, ఎప్పుడైనా పోతాం" అని ధైర్యం చెప్పాడు. రాత్రి పన్నెండింటికి ఎండాడ నుంచి అంటే మాత్రం గుటక ఆగింది. "పెళ్లి చూసే ఎల్తాం లెండి వదినా. కాంప్లెక్స్‌లో పడుకుంటాం." పడుకుంటాడు కూడా, మనిషి అలాంటివాడు.

చోడవరం పల్లెవెలుగులో ఇరవై కిలోమీటర్లు. ఆగిన చోటల్లా పిలిచి ఎక్కించుకునే డ్రైవరు. చెయ్యెత్తితే ఆపుతాడు, చెయ్యెత్తకపోయినా ముఖం చూసి ఆపుతాడు. ఒకచోట ఒక ముసలాయన బస్సు ఆపి, తను ఎక్కకుండా ఒక సంచీ ఎక్కించాడు. "చోడవరం బస్టాండులో మా ఓడు నిలబడతాడు, ఎర్ర సొక్కా." డ్రైవరు సంచీ తన కాళ్ల పక్కన పెట్టుకున్నాడు. చోడవరంలో ఎర్ర చొక్కా వచ్చి తీసుకుంది. మాటల్లేవు, డబ్బుల్లేవు. టైముకి రాని బస్సుని కూడా ఈ ఊళ్లు ఎందుకు తిట్టి ఊరుకుంటాయో అప్పుడు తెలిసింది.

చోడవరంలో విఘ్నేశ్వరుడికి ఒక శుభలేఖ, ఎస్.కోట ఆడపడుచు కూతురికి ఒకటి. ఆ పిల్ల మమ్మల్ని చూసి ఏడ్చినంత పని చేసింది. "అమ్మ ఎలా ఉంది అత్తా, కోట ఎల్లి దసరాకి దసరా అయిపోయింది" అంది. అమ్మ ఊరు అంత దగ్గర.

తిరుగు ప్రయాణం సబ్బవరం మీదుగా వచ్చే బస్సులో. దీన్ని బీఎన్ రోడ్డు అంటారు, భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు. మా చుట్టాలు సగం మంది ఈ రోడ్డు పొడుగునా, పక్కనా ఉన్నారు. భీమిలిలో పిలిచి, ఆనందపురం, సబ్బవరం దాటి, చోడవరంలో తేలొచ్చు, నగరం ముఖం చూడకుండా. అలాగే వేసిన రోడ్డు ఇది. కానీ ఈ చివర నుంచి ఆ చివరకి పోయే బోర్డు ఉన్న బస్సు నేను ఇంతవరకూ చూళ్లేదు. ఇక రోడ్డు సంగతి. చోడవరం దాటాక గోతుల మధ్య రోడ్డు వెతుక్కుంటూ డ్రైవరు ఎడమకీ కుడికీ తిప్పుతుంటే, ఎదర సీటు కమ్మీ పట్టుకున్న నా వేళ్లు తెల్లబడ్డాయి. ముందుపోయే క్వారీ లారీ దుమ్ముకి కిటికీలు మూశారు. మూసినా లోపలికి వచ్చింది. సబ్బవరంలో దిగిన ఒక గర్భిణిని వాళ్లాయన నడుం పట్టుకుని దింపాడు. ఆమె మెట్టు దిగి అలాగే కాసేపు బస్సుకి ఆనుకుని నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఇంజను ఆపాడు. ఆ అమ్మాయి పక్కకి జరిగాకే మళ్లీ తాళం తిప్పాడు.

సబ్బవరం దగ్గర ఆనందపురం–అనకాపల్లి కొత్త ఆరు లైన్ల హైవే కనిపించింది. నున్నగా, ఖాళీగా. లారీలూ కార్లూ నిమిషంలో మాయమవుతున్నాయి. దాని కింద సర్వీసు రోడ్డులో, నీడ కూడా లేని చోట, కూరగాయల మూటల మీద కూర్చుని ఇద్దరు ఆడవాళ్లు మా బస్సుకి చెయ్యెత్తారు. వాళ్లెక్కి, మూటలు సర్దుకుని, ఎంతసేపయిందమ్మా అని పిన్ని అడిగితే, "టైమెవరు సూసారు, నీడ ఇటు నుంచి అటు ఎల్లింది" అంది ఒకావిడ.

ఇంటికొచ్చి పిన్ని మంచం మీద శుభలేఖల పుస్తకం పరిచింది. పిలిచిన పేర్ల పక్కన పెన్సిల్‌తో గుర్తులు. 'భో' అంటే భోజనం దాకా. 'త' అంటే తలంబ్రాల దాకా. 'త'లన్నీ సొంత బళ్లున్నవాళ్లవీ, ముందురోజే వచ్చేవాళ్లవీ, కాంప్లెక్స్‌లో పడుకుంటానన్న మరిదిదీ. మిగతా కాయితం అంతా 'భో'లే. "పప్పన్నం తిని ఎల్లిపోయేవోళ్లకి ఇంత తిరగాలా" అంది. పుస్తకం ముయ్యలేదు.

శనివారం: కాంప్లెక్స్

పొద్దున్నే లేచి చీర కట్టుకుని, "పద" అంది. కాంప్లెక్స్‌లో పెళ్లిళ్లకి బస్సులు అద్దెకిచ్చే కౌంటరు. ముందుగా డిపాజిట్ కట్టాలి, ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎన్ని గంటలు ఆపుకుంటారో చెప్పాలి. కౌంటర్లో ఆయన ఓపికగా కాయితం మీద గీశాడు. ఒకటి చోడవరం నుంచి, సబ్బవరం, పెందుర్తిలో ఎక్కించుకుంటూ. ఇంకొకటి భీమిలి నుంచి, తగరపువలస మీదుగా. రెండూ ఎండాడ చేరాక ముహూర్తం అయ్యేదాకా అక్కడే ఉండి, అర్ధరాత్రి దాటాక తిరుగుతాయి.

ఆయన లెక్క చెప్పగానే పిన్ని సంచీలోంచి సున్నా టిక్కెట్ల కట్ట తీసింది. వాటి మీద మిగిలిన ఛార్జీలన్నీ కూడి చూసింది. కౌంటర్ అంకె పక్కన అది ఎక్కడా ఆనలేదు.

"బాబూ, ఎక్కేది సగానికి పైగా ఆడోళ్లే. ఆధార్‌లు చూపిస్తాం, దీంట్లో ఏమీ తగ్గదా?"

"ఇది స్పెషల్ అమ్మా" అన్నాడాయన నవ్వాపుకుంటూ. "పథకం వర్తించదు."

పిన్ని కాసేపు ఆలోచించింది. బాబాయికి ఫోన్ చేసి, ఆయన ఏమంటున్నాడో పూర్తిగా వినకుండానే పెట్టేసింది. డిపాజిట్ కట్టేశాం. బయటికొచ్చి ప్లాట్‌ఫారం మీద బల్ల మీదే కూర్చుని, పక్కన 900కె కోసం జనం తోసుకుంటుంటే, ఒక చెవి మూసుకుని చోడవరానికి ఫోన్ కొట్టింది.

"అమ్మాయ్, బస్సు పెట్టీసాం. మన బస్సే. తలంబ్రాల దాకా ఉండాల అందరూ, అప్పగింతలు కూడా సూసి ఎల్లాల" అని అరిచింది.

అవతలి గొంతు నాక్కూడా వినబడింది.

"సంతోషం అత్తా! మరి బస్సు మా వీధి చివరికి వస్తాదా, స్టాండు దాకా మమ్మల్ని రమ్మంటారా?"